టైటిల్‌లో 'సస్టైనబుల్' అని పెట్టాం, డేటాలో ఎలా చూపించాలి? (క్రూడ్ గ్లిసరాల్ నుంచి పిహెచ్‌బి)

కల్చర్ కష్టాలు

నమస్కారం అందరికీ. కెమికల్ ఇంజినీరింగ్ విభాగంలో పీహెచ్‌డీ చేస్తున్నాను, రెండో ఏడాది నడుస్తోంది. బయోడీజిల్ తయారీలో పక్కన మిగిలే క్రూడ్ గ్లిసరాల్‌ని క్యుప్రియావిడస్ నెకేటర్ అనే బ్యాక్టీరియాకి పెట్టి పిహెచ్‌బి (పాలీహైడ్రాక్సీబ్యుటిరేట్ అనే బయోప్లాస్టిక్) చేయించడం నా పని. కార్బన్ దండిగా ఉండి నైట్రోజన్ కరువైతే ఈ బ్యాక్టీరియా ఎదగడం ఆపేసి, మిగిలిన కార్బన్‌ని పాలిమర్ గింజలుగా ఒంట్లో దాచుకుంటుంది. ఆ గింజల్ని బయటికి తీస్తే మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్.

ఇప్పటిదాకా అన్నీ షేక్ ఫ్లాస్కులే. 250 మి.లీ. ఫ్లాస్కులో 100 మి.లీ. మీడియం, 30 డిగ్రీలు, 48 గంటలు. కణాల పొడి బరువు లీటరుకు 5 గ్రాములు, అందులో 70 శాతం పిహెచ్‌బి. వచ్చే నెల 5 లీటర్ల ఫెర్మెంటర్ (గాలి కొడుతూ కలిపే కల్చర్ ట్యాంకు) చేతికొస్తుంది.

మొన్న డాక్టోరల్ కమిటీలో ఒక ప్రొఫెసర్ "టైటిల్‌లో సస్టైనబుల్ అని ఉంది. నీ డేటాలో అది ఎక్కడుంది?" అని అడిగారు. వ్యర్థాన్ని వాడుతున్నాం, వచ్చేది మట్టిలో కలిసిపోతుంది అన్నాను. "అది నీ ముడిసరుకు గురించి, నీ ప్రొడక్ట్ గురించి. మధ్యలో జరిగేదాని సంగతేంటి?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్ (ముడిసరుకు నుంచి చివరిదాకా పర్యావరణ భారం లెక్క) చివరి చాప్టర్‌లో చేద్దాంలే అని గైడ్ అంటున్నారు. అప్పటిదాకా ఆగొచ్చా? ఫెర్మెంటర్‌లో ఏమేం కొలవాలి? కాస్త టెన్షన్‌గా ఉంది.

నురగ

ముందు ఆ ఫ్లాస్కు సంగతి తేల్చండి. 250లో 100 అంటే బాగా ఎక్కువ పోశారు. మామూలుగా ఫ్లాస్కు సైజులో ఐదో వంతు దాటనివ్వరు, ఇంకా తక్కువైతే మరీ మంచిది. ద్రవం ఎక్కువైతే దానికి గాలి తగిలే ఉపరితలం చాలదు. పైగా శాంపిల్ కోసం షేకర్ ఆపిన ప్రతిసారీ కరిగి ఉన్న కాస్త ఆక్సిజన్‌నీ కణాలు పీల్చేస్తాయి.

ఇది ఎందుకు ముఖ్యమంటే, నెకేటర్ పిహెచ్‌బి దాచుకునేది నైట్రోజన్ తగ్గినప్పుడే కాదు. ఫాస్ఫరస్ తగ్గినా, ఆక్సిజన్ తగ్గినా దాచుకుంటుంది. మీ 70 శాతం ఏ కరువు వల్ల వచ్చింది? మీ డేటా చూసి ఎవరూ చెప్పలేరు. ఆక్సిజన్ కరువు వల్ల అయితే, బాగా గాలి ఆడే ఫెర్మెంటర్‌లో అదే మీడియం పోసినా ఆ శాతం రాదు. "ఫ్లాస్కులో వచ్చింది, ఫెర్మెంటర్‌లో పడిపోయింది, ఏం చేయాలి" అనే పోస్టులు ఇక్కడ ఎన్ని చూశామో.

ఒక పని చేయండి. అదే మీడియం, అదే ఫ్లాస్కు సైజు, 25, 50, 100 మి.లీ. చొప్పున పోసి నడపండి. ప్రతి శాంపిల్‌లో మిగిలిన అమ్మోనియం కొలవండి. మూడింటిలోనూ అమ్మోనియం అయిపోయాకే పిహెచ్‌బి లేస్తే మీరు అనుకున్నదే నిజం. 100లో మాత్రం అమ్మోనియం ఉండగానే లేస్తే జవాబు తెలిసిపోయినట్టే.

ఇంకోటి. ఎదుగుదలని ఓడి (కల్చర్ ఎంత మసకగా ఉందో కాంతితో కొలిచే నంబరు) చూసి చెప్తున్నారా, పొడి బరువు చూసా?

కల్చర్ కష్టాలు

ఓడి గంటగంటకీ తీశాను. పొడి బరువు చివర్లో ఒక్కసారే.

ఆటోక్లేవ్ క్యూ

ఫాలో అవుతున్నాను. మాదీ పిహెచ్‌ఎ (పిహెచ్‌బి కూడా చేరే పాలిమర్ల కుటుంబం) ల్యాబే. ఓడితో ఇబ్బంది ఏంటి? మేమంతా అదే వాడతాం.

నురగ

పిహెచ్‌బి గింజలు కాంతిని బాగా చెదరగొడతాయి. నైట్రోజన్ అయిపోయాక కణాల సంఖ్య పెరగకపోయినా, కణం లావెక్కి లోపల గింజలు నిండేసరికి ఓడి లేస్తూనే ఉంటుంది. గ్రాఫ్ చూసి "ఇంకా ఎదుగుతోంది" అనుకుంటాం, నిజానికి అప్పటికి ఎదుగుదల ఆగిపోయి ఉంటుంది.

ప్రతి శాంపిల్‌కీ పొడి బరువు తీసి, అందులోంచి పిహెచ్‌బి బరువు తీసేయండి. మిగిలేది అసలు కణం బరువు. అమ్మోనియం అయిపోయిన క్షణం నుంచి ఆ గీత అడ్డంగా పోవాలి. పోకపోతే నైట్రోజన్ ఇంకెక్కడినుంచో వస్తోందని అర్థం.

క్రూడ్ గ్లిసరాల్‌లో సబ్బు, ఫ్యాటీ యాసిడ్లు ఉంటాయి కాబట్టి అవి కణాలకి అంటుకుని పొడి బరువును పెంచుతాయి. ముందే యాసిడ్ వేసి పైకి తేలిన కొవ్వు పొరని వేరుచేస్తే ఆ తలనొప్పి ఉండదు. పిహెచ్‌బిని వేడి సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో క్రోటోనిక్ యాసిడ్‌గా మార్చి 235 నానోమీటర్ల దగ్గర కొలిచే పద్ధతి 1961 నాటిది, ఇప్పటికీ పనికొస్తుంది. కానీ వేడి సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో వేరే పదార్థాలు కూడా ఆ 235 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చే రూపాలుగా మారతాయి. కొన్ని శాంపిళ్లనైనా గ్యాస్ క్రొమటోగ్రఫీతో సరిచూడండి.

జౌల్స్ జయ

కమిటీ అడిగిన దానికి వద్దాం. నాకు ఆ ప్రొఫెసర్ నచ్చారు.

లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్ సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, కాగితం మీద పది నిమిషాల లెక్క చాలు. మీ ఫ్లాస్కులో లీటరుకు 5 గ్రాముల కణాలు, 70 శాతం అంటే 3.5 గ్రాముల పిహెచ్‌బి. ఆ లీటరు మీడియాన్ని స్టెరిలైజ్ చేయడానికి 30 డిగ్రీల నుంచి 121 డిగ్రీలకి వేడి చేయాలి. 91 డిగ్రీలు, డిగ్రీకి 4.18 కిలోజౌల్స్, వెరసి సుమారు 380 కిలోజౌల్స్. దాన్ని 3.5 గ్రాములకి పంచండి. కిలో పిహెచ్‌బికి దాదాపు 109 మెగాజౌల్స్. కేవలం నీళ్లు వేడి చేయడానికి! ఇంకా బ్యాక్టీరియా వెయ్యనేలేదు.

పోలికకి, పెట్రోలియం నుంచి కిలో పాలీప్రొపిలీన్ చేయడానికి బావి దగ్గర్నుంచి ఫ్యాక్టరీ గేటు దాకా, అందులోని ముడిసరుకు శక్తితో కలిపి, పడేది సుమారు 75 మెగాజౌల్స్.

తర్వాత కలపడం, గాలి కొట్టడం. లీటరుకి ఒక వాటు చొప్పున 48 గంటలు వేసుకున్నా 170 కిలోజౌల్స్ పైమాట, అంటే కిలో పిహెచ్‌బికి మరో 50 మెగాజౌల్స్. అది కరెంటు, ఆవిరి కాదు. కరెంటు తయారీలో పోయే నష్టం కూడా లెక్కేస్తే ఇంకా పెరుగుతుంది.

ఆ తర్వాత సెంట్రిఫ్యూజ్. ముద్దలో ఐదో వంతు కణాలు, మిగతా నీరు అనుకుందాం. కిలో పొడి కణాలకి నాలుగు కిలోల నీళ్లు ఆవిరి చేయాలి. ఒక్కో కిలోకి 2.26 మెగాజౌల్స్, మొత్తం 9. పిహెచ్‌బి లెక్కన చూస్తే 13. సూది కోసం గడ్డివాము మొత్తాన్ని మోసుకెళ్తున్నట్టుంది వ్యవహారం.

ఇప్పుడు అదే లెక్కలో లీటరుకు 3.5 తీసేసి 100 గ్రాముల పిహెచ్‌బి పెట్టండి. స్టెరిలైజేషన్ 109 నుంచి 3.8కి దిగుతుంది. ఎండబెట్టడం మాత్రం 13 దగ్గరే ఉంటుంది, ఎందుకంటే అది టైటర్ (లీటరుకు వచ్చే పిహెచ్‌బి) మీద కాదు, ముద్దలో ఎంత నీరుందన్న దాని మీద, కణంలో ఎంత పిహెచ్‌బి ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. ఏ నంబరు దేన్ని కదిలిస్తుందో ఇప్పుడు తెలిస్తే ప్రయోగాలు ఆ దిక్కుగా పెట్టుకుంటారు. చివరి చాప్టర్‌లో తెలిస్తే ఏం లాభం, ప్రయోగాలన్నీ అప్పటికి అయిపోయి ఉంటాయి.

కల్చర్ కష్టాలు

మేడమ్, 109 చూసి రెండుసార్లు లెక్కపెట్టాను. నిజమే. కానీ పరిశ్రమలో ఆ వేడిని తిరిగి వాడుకుంటారు కదా? ఫ్లాస్కు లెక్కని అలాగే పైకి తీసుకెళ్లడం న్యాయమేనా?

జౌల్స్ జయ

న్యాయం కాదు. ఫ్లాస్కు డేటాతో లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్ చేసి పేపర్లు వేసేవాళ్లతో నా పేచీ కూడా అదే. పెద్ద ప్లాంట్లలో మీడియాన్ని పైపులో ప్రవహిస్తుండగానే 140 డిగ్రీల దగ్గర కొద్దిసేపు ఉంచి, బయటికొచ్చే వేడి మీడియంతో లోపలికొచ్చే చల్లటి మీడియాన్ని వేడి చేస్తారు. చాలా భాగం వేడి తిరిగొస్తుంది. కానీ అది కమిటీకి చెప్పాల్సిన ఊహ. "వేడిలో ఇంత భాగం తిరిగొస్తుందనుకున్నాను, రాకపోతే ఇంత, వస్తే ఇంత" అని రెండు నంబర్లూ పెట్టండి.

ఒక పాత సంగతి. 1999లో డార్ట్‌మత్ కాలేజీలో ఉన్న టిల్‌మన్ గెర్న్‌గ్రాస్, మొక్కజొన్న గ్లూకోజ్‌తో పిహెచ్‌ఎ చేస్తే ఎంత శిలాజ ఇంధనం పడుతుందో లెక్కగట్టి పాలీస్టైరీన్ పక్కన పెట్టాడు. పిహెచ్‌ఎకే కాస్త ఎక్కువ పడింది. అప్పట్లో పెద్ద దుమారం. తర్వాత వేరేవాళ్లు ఆవిరికీ కరెంటుకీ వాడే ఇంధనాన్ని మార్చి, పొలంలో మిగిలే చెత్తను బాయిలర్‌లో వేసినట్టు లెక్కిస్తే ఫలితం తారుమారైంది. బ్యాక్టీరియా అదే, పాలిమర్ అదే. తేడా అంతా బాయిలర్‌ది.

పైలట్ ప్లాంట్ పాతకాపు

జయగారి లెక్కకి నాదో తోక. కూలింగ్.

తమ్ముడూ, నువ్వు 100 గ్రాముల వైపు పరిగెత్తితే కణాలు ఆక్సిజన్‌ని గంటకు లీటరుకు 100 మిల్లీమోల్స్ దాకా అడగడం మామూలే. 30 డిగ్రీల దగ్గర గాలితో తూగే నీటిలో కరిగి ఉండేది లీటరుకు 7.5 మిల్లీగ్రాములే. అంటే గాలి ఆగిపోతే నిల్వ ఎనిమిది సెకన్లలో సరి. స్టిర్రర్ బెల్టు తెగితే నువ్వు కుర్చీలోంచి లేచేలోపు ఆక్సిజన్ సున్నా.

ఆ ఆక్సిజన్ ఇవ్వడానికి కెఎల్ఎ (గాలిలోంచి ద్రవంలోకి ఆక్సిజన్ ఎంత వేగంగా చేరుతుందో చెప్పే అంకె) ఎంత కావాలో చూడు. ఆక్సిజన్ ప్రోబ్ మీద 30 శాతం నిలబెట్టాలంటే నెట్టే శక్తి (కరగగలిగినదానికీ కరిగి ఉన్నదానికీ తేడా) లీటరుకు 0.164 మిల్లీమోల్స్, 100ని దానితో భాగిస్తే గంటకు 600 పైన. బెంచి మీది 5 లీటర్ల వెసెల్ దీనికి ఒగరుస్తుంది. అప్పుడు ఆక్సిజన్ సిలిండర్ తగిలించడం ల్యాబుల్లో అలవాటు. తగిలించు, కానీ ఆ ఆక్సిజన్ తయారీకి కూడా కరెంటు పడుతుందని జయగారి పట్టికలో ఒక వరుస వేసుకో.

ఇక వేడి. కణాలు వాడే ప్రతి మోల్ ఆక్సిజన్‌కీ సుమారు 460 కిలోజౌల్స్ వేడి బయటికొస్తుంది. గంటకు 100 మిల్లీమోల్స్ అంటే లీటరుకు 12.8 వాట్లు. నీ 5 లీటర్ల వెసెల్‌లో 64 వాట్లు, నీకు తెలియను కూడా తెలియదు. 100 ఘనపు మీటర్ల ట్యాంకులో 1.28 మెగావాట్లు! ట్యాంకు ఆకారం మారకుండా ఘనపరిమాణం 20,000 రెట్లు పెరిగితే వ్యాసం 27 రెట్లు పెరుగుతుంది, లీటరుకి దొరికే గోడ వైశాల్యం 27వ వంతుకి పడిపోతుంది. లోపల కాయిల్స్ పెట్టుకోవాలి. నీ బగ్ ఉండేది 30 డిగ్రీల్లో, కూలింగ్ టవర్ నీళ్లు చాలా చోట్ల దాదాపు అంతే వేడిగా ఉంటాయి. చిల్లర్ తప్పదు. కొంతమంది 50 డిగ్రీల్లో పెరిగే బ్యాక్టీరియా కోసం వెతికేది దీనికోసమే.

మరోటి, ఇది చిన్నదే కానీ ఎందరినో ముంచింది. పిహెచ్ సరిచేయడానికి అమ్మోనియా వాడతారు, చవగ్గా నైట్రోజన్ కూడా అందుతుందని. ఎదిగే దశలో బాగుంటుంది. నైట్రోజన్ కరువు మొదలు కావాల్సిన గంటకి ఆ సీసా మార్చి సోడియం హైడ్రాక్సైడ్‌ది పెట్టాలి. మార్చకపోతే పంప్ తన పని తను చేసుకుంటూ నైట్రోజన్ పోస్తూనే ఉంటుంది. నురగగారు చెప్పిన 'అడ్డంగా పోని గీత'కి సగం సార్లు కారణం ఇదే.

నురగ

నా పేరు నిలబెట్టుకుంటూ ఒక మాట: సబ్బు మిగిలిన గ్లిసరాల్ నురగ కడుతుంది. యాంటీఫోమ్ పోస్తే నురగ తగ్గుతుంది, దానితోపాటు కెఎల్ఎ కూడా. ఎగ్జాస్ట్ ఫిల్టర్ తడిసిందంటే లోపల పీడనం పెరిగి ఆ రాత్రి నిద్ర ఉండదు. కొవ్వు తీసేయమన్నది ఇందుకు కూడా.

మురుగునీటి మిత్రుడు

అసలు ఇన్ని కష్టాలు ఎందుకు పడాలో నాకు అర్థం కాదు. స్టెరిలైజేషనే లేకుండా చేసే దారి ఉంది కదా. మిశ్రమ కల్చర్ తీసుకోండి, విందు-పస్తు పద్ధతిలో నడపండి. కాసేపు కార్బన్ పెట్టి, తర్వాత చాలాసేపు పస్తు ఉంచితే, కార్బన్ దొరికినప్పుడు త్వరగా పిహెచ్‌ఎగా దాచుకోగలిగినవే బతికి బట్టకడతాయి. మిగతావి కొట్టుకుపోతాయి. డెల్ఫ్ట్‌లో 2009లో ప్లాస్టిసిక్యుములన్స్ అసిడివోరన్స్ అనే బ్యాక్టీరియా ప్రధానంగా ఉన్న ఇలాంటి కల్చర్‌లో పొడి బరువులో 89 శాతం దాకా పిహెచ్‌బి చూపించారు. జన్యు మార్పు లేదు, ఆటోక్లేవ్ లేదు, మురుగునీటి ప్లాంటు పక్కనే పెట్టుకోవచ్చు.

పైలట్ ప్లాంట్ పాతకాపు

89 వచ్చింది ల్యాబులో, అసిటేట్ పెట్టి. అసలు మురుగునీటితో అంత రాదు. అందులో పిహెచ్‌ఎ చేయలేని జీవులు కూడా పెరుగుతాయి. పైగా కణాల సాంద్రత లీటరుకు కొద్ది గ్రాములే. జయగారి లెక్కలో స్టెరిలైజేషన్ వరుస కొట్టేశారు సరే, అంత నీళ్లలోంచి కణాలు పట్టే వరుస పెరిగింది. పాలిమర్ కూర్పు మేతను బట్టి వారం వారం మారితే దాన్ని కొనేవాడు ఏం చేసుకోవాలి?

మురుగునీటి మిత్రుడు

కూర్పు మారడం నిజమే, ఒప్పుకుంటాను. సాంద్రత మాత్రం అంత పెద్ద అడ్డంకి కాదు. మురుగునీటి ప్లాంట్లు రోజూ చేసే పనే అది, బురద తనంతట తాను కిందికి దిగుతుంది. సెంట్రిఫ్యూజ్‌కి వెళ్లేముందే నీళ్లలో ఎక్కువ భాగం పోతుంది. మీరు మీ ప్యూర్ కల్చర్ కళ్లద్దాలతో చూస్తున్నారు.

జౌల్స్ జయ

ఇద్దరి మధ్యలో దూరుతున్నాను. మూడో దారి కూడా ఉంది. చైనాలోని సింఘ్వా యూనివర్సిటీలో గువో-చియాంగ్ చెన్ బృందం హలోమోనాస్ అనే ఉప్పు ప్రియమైన బ్యాక్టీరియాతో పనిచేస్తోంది. బాగా ఉప్పు, పిహెచ్ 9 దగ్గర. అక్కడ వేరే జీవి బతకడం కష్టం కాబట్టి స్టెరిలైజ్ చేయకుండానే ప్యూర్ కల్చర్‌ని నెట్టుకురావచ్చు. బదులుగా ఉప్పు నీళ్లు మిగులుతాయి, వాటినేం చేయాలన్నది కొత్త ప్రశ్న. ఏ దారిలోనైనా ఒక వరుస తగ్గితే ఇంకో వరుస పెరుగుతుంది. పట్టిక వేయకుండా ఎవరు గెలిచారో చెప్పలేం. ఈ పిల్లవాడు ఇప్పుడు బగ్ మార్చలేడు కూడా, రెండో ఏడాదిలో ఉన్నాడు.

మైక్రోబు మాస్టర్స్

నేను మాస్టర్స్ చదువుతున్నాను. తప్పుగా అడిగితే ఏమనుకోకండి. ఇంత లెక్క ఎందుకు, క్రిస్పర్‌తో (జన్యువుల్ని కత్తిరించి మార్చే పద్ధతి) స్ట్రెయిన్‌ని బాగుచేస్తే టైటర్ పెరుగుతుంది కదా? మా క్లాసులో అంతా మెటబాలిక్ ఇంజినీరింగే చెప్తున్నారు.

నురగ

మంచి ప్రశ్నే. జన్యువులతో గెలిచే చోటు ఉంది, గెలవలేని చోటూ ఉంది.

గెలిచే చోటు: సహజ నెకేటర్ హెచ్16 గ్లిసరాల్‌ని తింటుంది కానీ నత్తనడకన. ఇ. కోలై నుంచి గ్లిసరాల్‌ని లోపలికి రానిచ్చే జన్యువునీ, దాన్ని ఫాస్ఫేట్‌తో కట్టే జన్యువునీ తెచ్చిపెడితే ఎదుగుదల వేగం బాగా పెరుగుతుందని చూపించారు. వేగం పెరిగితే అదే ట్యాంకు, అదే మోటారు, తక్కువ గంటలు.

గెలవలేని చోటు: రెండు గ్లిసరాల్ అణువుల నుంచి రెండు అసిటైల్-కోఎ (రెండేసి కార్బన్ల ముక్కలు), వాటి నుంచి ఒక్క పిహెచ్‌బి యూనిట్. మిగతా రెండు కార్బన్లు కార్బన్ డై ఆక్సైడ్‌గా పోతాయి. 184 గ్రాములకి 86, అంటే గ్రాముకి 0.47. కణం ఎదగడానికి ఏమీ వాడుకోకపోయినా ఇంతే. ఈ దారిలో వెళ్లినంతకాలం ఏ కత్తెరతోనూ దీన్ని దాటలేం. అదే సమీకరణాన్ని ఆక్సిజన్ వైపు తూచితే, ఒక్కో యూనిట్‌కి రెండున్నర అణువుల ఆక్సిజన్. కిలో పిహెచ్‌బికి కనీసం 0.93 కిలోలు. పాతకాపుగారు చెప్పిన వేడి అంతా ఇక్కడినుంచే మొదలవుతుంది.

కల్చర్ కష్టాలు, మీకు కావాల్సింది ఇక్కడే ఉంది. ఎగ్జాస్ట్ గ్యాస్ అనలైజర్ దొరికితే తగిలించండి. కార్బన్ డై ఆక్సైడ్‌కీ ఆక్సిజన్‌కీ నిష్పత్తి చూడండి. గ్లిసరాల్ మొత్తం కాలిపోతే 0.86, పూర్తిగా పిహెచ్‌బి అయితే 0.8. తేడా చిన్నది, అనలైజర్ బాగా కాలిబ్రేట్ అయి ఉంటే తప్ప నమ్మకండి. కానీ కార్బన్ లెక్క మూయడానికి అది కావాల్సిందే. లోపలికి పోసిన ప్రతి గ్రాము కార్బన్ కణంలో ఉందా, పాలిమర్‌లో ఉందా, గ్యాసులో పోయిందా, మీడియంలో మిగిలిందా. 95 నుంచి 105 శాతం మధ్య మూసుకుంటే మీ డేటాని ఎవరూ వేలెత్తి చూపలేరు. ఆ బ్యాలన్సే రేపు జయగారి లెక్కకి ఇన్‌పుట్.

సరిహద్దు గీత

నేను లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్ చేసేవాణ్ణి. చర్చ బాగుంది, ఒక్క పదం దగ్గర ఆగుతాను: "వ్యర్థం".

వంద కిలోల బయోడీజిల్‌కి దాదాపు పది కిలోల గ్లిసరాల్ వస్తుంది. దాన్ని వ్యర్థం అన్నారు కాబట్టి, మీ లెక్కలో దాని వెనకున్న భారం సున్నా. నూనె పంట, ఎరువులు, మిథనాల్ అన్నీ బయోడీజిల్ ఖాతాలోకి పోయాయి. ఇది ఒక నిర్ణయం మాత్రమే. ఇంకొకరు బరువు ప్రకారమో, ధర ప్రకారమో భారాన్ని పంచితే మీ నంబరు మారిపోతుంది. రెండూ చూపించండి.

దానికన్నా గట్టి ప్రశ్న: మీరు తీసుకోకపోతే ఆ గ్లిసరాల్ ఏమయ్యేది? కొన్ని చోట్ల బాయిలర్‌లో కాలుస్తారు. బయోగ్యాస్ డైజెస్టర్‌లో వేస్తారు, అక్కడది చాలా బాగా పనిచేస్తుంది. శుద్ధి చేసి అమ్ముతారు కూడా. మీరు దాన్ని లాక్కుంటే వాళ్లు బదులుగా ఏం కాలుస్తారు? సహజవాయువు అయితే ఆ పొగ మీ ఖాతాలోకి రావాలి.

అలాగే చివర. పిహెచ్‌బి మట్టిలో కలిసిపోతుంది, నిజం. గాలి తగలని చెత్తగుట్టలో కుళ్లితే మీథేన్ వస్తుంది, అదీ నిజం. "బయోడీగ్రేడబుల్ కాబట్టి సస్టైనబుల్" అనే వాక్యం థీసిస్‌లో ఉంటే కొట్టేయండి.

ఆటోక్లేవ్ క్యూ

ఇది చదివాక టైటిల్‌లోంచి ఆ పదం తీసేయడమే సుఖమేమో అనిపిస్తోంది.

పైలట్ ప్లాంట్ పాతకాపు

తీసేయక్కర్లేదు. నంబరు పక్కన పెడితే చాలు.

పరిశ్రమలో పాఠాలు ఇంకా కటువుగా ఉంటాయి. సక్సినిక్ యాసిడ్‌నే చూడండి, కార్బన్ డై ఆక్సైడ్‌ని కూడా పట్టుకునే ప్రాసెస్, కాగితం మీద చాలా అందంగా ఉంటుంది. బయోఆంబర్ 2015లో కెనడాలోని సార్నియాలో పెద్ద ప్లాంటు తెరిచింది, 2018లో దివాళా తీసింది. దాని అర్థం సైన్స్ తప్పని కాదు. పెట్రోలియం ధర పడిపోయినప్పుడు పక్కవాడి సరుకు చవకవుతుంది, మన ట్యాంకు ఖర్చు మాత్రం తగ్గదు. యూనివర్సిటీ ఆ ధరల్ని మార్చలేదు, కానీ ఏ నంబరు దగ్గర ప్రాసెస్ నిలబడుతుందో ముందే చెప్పగలదు. అది ఎంత ఉపయోగమో బయట ఉన్నవాళ్లకే తెలుసు.

తమ్ముడూ, వెలికితీత గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. క్లోరోఫామ్‌తోనే తీస్తున్నావా?

కల్చర్ కష్టాలు

అవును అన్నా, క్లోరోఫామే. శుద్ధి బాగా వస్తుంది.

పైలట్ ప్లాంట్ పాతకాపు

కొలవడానికి వాడుకో. ప్రాసెస్ అని మాత్రం రాయకు. విషపూరిత ద్రావకంలో ముంచి తీసినదానికి ఆ టైటిల్ ఉంటే పరీక్షకుడు అక్కడే పట్టుకుంటాడు. పైగా కొద్దిపాటి పిహెచ్‌బి కరిగినా జిగట ద్రవం అయిపోతుంది కాబట్టి క్లోరోఫామ్ చాలా పోయాలి. హైపోక్లోరైట్‌తో కణాన్ని కరిగించొచ్చు, కానీ జాగ్రత్తగా చేయకపోతే పాలిమర్ గొలుసుల్ని కూడా తెంపేస్తుంది. పలచటి క్షారంతో చేసేవాళ్లున్నారు, కణంలో పిహెచ్‌బి శాతం ఎక్కువగా ఉంటే బాగా పనిచేస్తుంది. శాతం ఎక్కువుంటే కరిగించాల్సిన చెత్త తక్కువ కదా.

నురగ

గొలుసులంటే గుర్తొచ్చింది. గ్లిసరాల్ మీద పెంచితే పిహెచ్‌బి అణుభారం తగ్గుతుంది. గొలుసు పెరుగుతుండగా గ్లిసరాల్ వచ్చి చివర అతుక్కుని ఆపేస్తుంది. మీడియంలో గ్లిసరాల్ ఎంత ఎక్కువుంటే అంత పొట్టి గొలుసులు. పొట్టి గొలుసుల పాలిమర్ పెళుసుగా ఉంటుంది, పిహెచ్‌బి అసలే పెళుసు. కాబట్టి మొత్తం గ్లిసరాల్‌ని ఒకేసారి పోయకండి, ఫెడ్-బ్యాచ్‌లో కొద్దికొద్దిగా వేయండి. ఫీడ్ ఎప్పుడు వేయాలో ప్రోబ్ చెప్తుంది: కార్బన్ అయిపోగానే కణాలు ఊపిరి తగ్గిస్తాయి, కరిగిన ఆక్సిజన్ గీత నిటారుగా పైకి లేస్తుంది. అది చూసి పంప్ ఆన్. ఉప్పు ఒత్తిడి కూడా దీనివల్ల తగ్గుతుంది, క్రూడ్‌లోని సోడియం క్లోరైడ్ ఒక్కసారిగా మీద పడదు.

నంబర్లలో అణుభారాన్ని కూడా చేర్చండి. టైటర్ బ్రహ్మాండంగా ఉండి ఫిల్మ్ మడిస్తే విరిగిపోతే, కిలో లెక్కన చేసిన పోలికకి విలువేముంది?

సరిహద్దు గీత

అక్షరాలా అదే. పోలిక కిలోకి కిలో కాదు, పనికి పని. ఒక ఫిల్మ్ రెట్టింపు మందం వేస్తే గానీ నిలవకపోతే, రెండు ఫిల్ముల భారం ఒకటి మొయ్యాలి.

మైక్రోబు మాస్టర్స్

పేపర్లు వెతుకుతుంటే నెకేటర్ మీద 1990లవి ఏమీ దొరకడం లేదు. అప్పట్లో దీనిమీద పని జరగలేదా?

ఆటోక్లేవ్ క్యూ

బోలెడంత జరిగింది. అప్పట్లో దాన్ని ఆల్కలిజీన్స్ యూట్రోఫస్ అనేవారు, తర్వాత రాల్‌స్టోనియా యూట్రోఫా అయింది, మధ్యలో వాటర్సియా కూడా. ఆ పేర్లతో వెతకండి. ఐసీఐ కంపెనీ 80ల్లో బయోపాల్ పేరుతో తీసుకొచ్చింది ఈ జీవితోనే. పిహెచ్‌బి అయితే ఇంకా పాతది, ప్యారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో మోరిస్ లెమ్వాన్యే 1926లోనే బాసిలస్ మెగాటీరియంలో గుర్తించాడు.

కల్చర్ కష్టాలు

అందరికీ చాలా థాంక్స్. గైడ్‌తో కూర్చున్నాను. జయ మేడమ్ పట్టికని ఒక షీట్‌లో వేసి చూపించాను. మొదట 109 నమ్మలేదు, తర్వాత ఆయనే కూలింగ్ వరుస కూడా కలపమన్నారు. చివరి చాప్టర్ సంగతి పక్కన పెట్టి, ప్రతి ఫెర్మెంటర్ రన్ తర్వాతా ఆ షీట్ నింపాలని అనుకున్నాం.

ప్లాన్ ఇది. ముందు ఫ్లాస్కుల్లో 25, 50, 100 మి.లీ. పోలిక, అమ్మోనియంతో సహా. తర్వాత ఫెడ్-బ్యాచ్, నైట్రోజన్ దశ మారేటప్పుడు క్షారం సీసా మార్పు. గ్యాస్ అనలైజర్ పక్క ల్యాబులో ఉంది, రెండు రన్‌లకి ఇస్తామన్నారు. క్షారంతో వెలికితీత చిన్న స్కేల్లో, అణుభారం క్లోరోఫామ్ శాంపిల్‌తో పోలుస్తాను.

ఒక్క డౌట్ మిగిలింది. గ్లిసరాల్ మాకు బయోడీజిల్ యూనిట్ నుంచి క్యాన్లలో వస్తుంది. పోయినసారి వచ్చినది లేత పసుపు, ఈసారిది ముదురు గోధుమ రంగు. కొత్తది వాడి మొదలుపెట్టనా, పాతది ఉన్నంతవరకు దానితోనే నడపనా?

పైలట్ ప్లాంట్ పాతకాపు

పాతది ఎంతుంది? అన్ని రన్‌లకీ సరిపోకపోతే దాన్ని ముట్టుకోకు. కొత్తది ఎక్కువ మొత్తంలో తెప్పించు, అన్ని క్యాన్లూ ఒక పెద్ద డ్రమ్ములో పోసి కలిపి, అక్కడినుంచే ప్రతి రన్‌కీ తీసుకో. కలిపిన రోజే గ్లిసరాల్ శాతం, బూడిద, మిథనాల్, నీరు కొలిచి డ్రమ్ము మీద రాసిపెట్టు. మిథనాల్ ఉంటే మీడియంలో కలిపేముందే వేడి చేసి తరిమెయ్, ఫ్యూమ్ హుడ్‌లో, మంట దరిదాపుల్లో లేకుండా.

పాత పసుపుది చివరికి ఉంచుకో. నీ బెస్ట్ రన్‌ని దానితో ఒకసారి మళ్లీ నడిపితే, ముడిసరుకు మారితే ప్రాసెస్ ఎంత ఊగుతుందో తెలుస్తుంది. కమిటీ ఈసారి అడగబోయేది అదే.